కత్తెర సొరుగులోని షీట్లు

హాస్టల్,
జనవరి 28

మామయ్యా,

ముందే చెప్పేస్తున్నాను: నాకు జ్వరం రాలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు, వార్డెన్ నన్ను ఇంటికి పంపించెయ్యడం లేదు. కవరు చింపేలోపే నువ్వు ఏవేవో ఊహించుకుంటావని మొదటి వాక్యంలోనే రాసేశాను. ఇక కుర్చీలో కూర్చుని చదువు.

పరీక్షలయ్యేదాకా మా ఫోన్లన్నీ వార్డెన్ బీరువాలో పెట్టి తాళం వేశారు. ప్రాణం మీదకి వస్తే తప్ప ఆఫీసు ఫోను కూడా ముట్టుకోనివ్వరట. కాబట్టి మనకి ఉత్తరాలే గతి. నీకు అదే నయం. ఫోన్ చేస్తే ఎటూ కుట్టు మిషన్ చప్పుడులో నీకు వినపడదు.

ఇప్పుడు అసలు పని. కెమిస్ట్రీలో చివరి పాఠం ‘నిత్యజీవితంలో రసాయన శాస్త్రం’ మళ్లీ మొదట్నుంచి చదివిస్తున్నారు. మందులు, సబ్బులు, తీపి గుళికలు, ఆహారం పాడవకుండా కలిపేవి, అన్నీ పేర్లే. సాయంత్రం బట్టీ పడితే పొద్దున్నకి ఒక్కటీ మిగలదు. మా మేడమ్‌కి ఒళ్లు మండి, "పుస్తకం చదివింది చాలు, ఇంటి చెత్తబుట్ట చదవండి" అంది. అందరూ ఇంటినుంచి ఖాళీ కవర్లు, సీసాల మీది కాగితాలు, మాత్రల షీట్లు తెప్పించుకుని ఏది ఏ రకమో విడదీయాలట. మిగతావాళ్ల ఇళ్లలో చెత్త ఎప్పటికప్పుడు పారేస్తారు, పాపం. నీ దగ్గరైతే సొరుగు నిండా సరుకుంది. రేకు కోస్తే కత్తెర పదునెక్కుతుందని ఖాళీ మాత్రల షీట్లు దాస్తావుగా, వాటిలో కొన్ని పంపు. సబ్బు కవర్లు కూడా.

పన్నెండో తరగతి గట్టెక్కితే చాలు అనే స్థితిలో ఉన్న,
నీ బొత్తాం


షాపులోంచి,
ఫిబ్రవరి 2

బొత్తాం,

నీ ఉత్తరం చేరింది. చెత్త పంపమని అడిగే విద్యార్థిని నా యాభై రెండేళ్లలో నేను చూడలేదు. మా రోజుల్లో చెత్తగా చదివినా చెత్త మాత్రం అడగలేదు.

పార్సిల్ పంపుతున్నాను. బట్టల సబ్బు కవర్లు రెండు, ఒంటి సబ్బుది ఒకటి, దెబ్బలకి రాసే మందు సీసా మీది కాగితం, వంటసోడా పొట్లం, జామ్ సీసా మీది కాగితం నీళ్లలో నానబెట్టి ఊడదీసింది. ఇక షీట్లు. సొరుగంతా దులిపేశాను, ముప్పై ఎనిమిది వచ్చాయి. నవంబరు మొదట్లో కత్తెర పదును పెట్టినప్పుడు పాతవన్నీ ముక్కలు చేసేశాను, ఇవన్నీ ఆ తర్వాత చేరినవే. నీ క్లాసులో ఇంత సరుకు ఎవరికీ ఉండదు. నా కత్తెర ఇంకో నెల మొండిగా ఉన్నా చచ్చిపోదులే, నీ చదువు ముఖ్యం.

ఇక్కడ నాకు ఊపిరాడడం లేదు. స్కూలు యూనిఫారాలు, నల్ల ప్యాంట్లు, నూట అరవై. మార్చి ఒకటికి ఇవ్వాలి. కాజాలు కుట్టేసరికి మెడ దగ్గర్నుంచి మోచెయ్యి దాకా మిషనే తిరుగుతున్నట్టు ఉంటుంది. దానికేం గాని, నువ్వు వేళకి తిను.

సెలవు కాదు, పని మధ్యలో లేస్తున్న,
మామయ్య


హాస్టల్,
ఫిబ్రవరి 6

మామయ్యా,

పార్సిల్ విప్పి మంచం మీద పోశాను. మా గదిలో ముగ్గురూ చుట్టూ చేరారు. సబ్బులు ఒక పక్క, సోడా ఒక పక్క పెట్టి షీట్లు చేతిలోకి తీసుకున్నాను. మొదటిది నొప్పి మాత్ర. రెండోదీ అదే. మూడోదీ అదే. ఆటలా ఉందని అందరం నవ్వుకుంటూ తిరగేశాం. పదిహేనో షీటు దగ్గర నవ్వు ఆగిపోయింది. ముప్పై ఎనిమిదీ ఒకటే మాత్ర మామయ్యా! ఒక్కో షీటుకి పది. నవంబరు మొదలు నీ ఉత్తరం దాకా తొంభై మూడు రోజులు. మూడు వందల ఎనభైని తొంభై మూడుతో భాగించాను. రోజుకి నాలుగు.

మేడమ్ వచ్చి చూసింది. "ఇవన్నీ ఎవరు వాడినవి?" అని అడిగింది. "షాపుకి వచ్చేవాళ్లవి మేడమ్" అనేశాను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఆవిడ షీట్లన్నీ తనూ ఒకసారి లెక్కపెట్టింది.

పాఠంలో ఈ మాత్రల గురించి ఒక్క పేరానే ఉంది. నొప్పి తగ్గిస్తాయి, జ్వరం తగ్గిస్తాయి, రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. మిగతాది మేడమ్ నోటితో చెప్పింది: ఖాళీ కడుపున ఏళ్ల తరబడి మింగితే కడుపు లోపలి పొర తినేస్తాయట.

షీట్ల గుంటల్లో నీలంగా ఏదో పొడి ఉంది, వేలికి అంటుకుంది. అదేం రసాయనమో మాకెవరికీ అంతు చిక్కలేదు.

మామయ్యా, నిజం చెప్పు. ఎవరివి అవి?

బొత్తాం


షాపులోంచి,
ఫిబ్రవరి 10

ఓసి పిచ్చి బొత్తాం,

నువ్వు మేడమ్‌తో చెప్పిందే నిజం. షాపుకి వచ్చేవాళ్లవే. నేను షీట్లు దాస్తానని తెలిసి అందరూ తెచ్చి ఇస్తారు. నువ్వు బాబాయ్ అని పిలిచే మందుల షాపువాడైతే గుప్పెళ్లతో పడేస్తాడు. నేను కూడా ఎప్పుడైనా ఒకటి వేసుకుంటాను, కుట్టు పని చేసేవాడు వేసుకోకుండా ఉంటాడా? దానికి నువ్వు లెక్కలు వేసి, భాగహారాలు చేసి, నన్ను మంచాన పడేశావు. ఆ తెలివేదో లెక్కల పరీక్షలో చూపించు.

కడుపులో మంట అనిపిస్తే గ్లాసుడు నీళ్లలో వంటసోడా కలుపుకుని తాగుతాను, తేన్పు వస్తుంది, అక్కడితో సరి. మీ పాఠంలో సోడా గురించి కూడా ఉంటుంది, చదువుకో.

ఎదురింటి పిల్లి నా కత్తిరింపుల బుట్టలో పిల్లల్ని పెట్టింది. నాలుగు. నల్లబట్ట ముక్కల మీద నల్లపిల్లలు, ఒకరోజంతా నేను చూడనే లేదు. ఇప్పుడు బుట్ట ముట్టుకుంటే తల్లి గుర్రుమంటోంది. నా షాపులో నన్నే బెదిరించే ఆడది ఇంకొకతి తయారైంది.

పుస్తకం మూసి నా గురించి ఆలోచించకు.

మామయ్య


హాస్టల్,
ఫిబ్రవరి 13

మామయ్యా,

సరే, నమ్మాను. పిల్లికి నా తరఫున చెప్పు, నాలుగూ తనవే అని ఒప్పుకుంటాను అని.

ఈసారి ఉత్తరంతో ఒక కాగితం పెట్టాను. మేడమ్ ఇచ్చిన ప్రశ్నలు. ఇంట్లో ఒక పెద్దవారి చేత నింపించి తేవాలి, దీనికి విడిగా మార్కులున్నాయి. ఉన్నది ఉన్నట్టు రాయాలట. గొప్పకి తగ్గించి రాసినా, హెచ్చించి రాసినా ఆవిడ ఇట్టే కనిపెట్టేసి సున్నా వేస్తుంది. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు రాసిపెట్టడానికి? అమ్మ ఉంటే అమ్మ చేత రాయించేదాన్ని. జాగ్రత్తగా రాయి, నీ బిల్లు బుక్కులో గీసినట్టు గియ్యకు.

బొత్తాం


షాపులోంచి,
ఫిబ్రవరి 17

బొత్తాం,

పని ఆపి, చేతులు కడుక్కుని, కొత్త పెన్నుతో రాశాను. నా వల్ల నీకు ఒక్క మార్కు పోకూడదు. ఒక మాట: మొన్న కస్టమర్లవని రాసింది అబద్ధం. నీకు చెబితే చదువు మానేసి దిగులు పడతావని అలా రాశాను. మార్కుల దగ్గర మాత్రం అబద్ధం ఆడను.

ప్రశ్న 1. నొప్పి మాత్రలు రోజుకి ఎన్ని? – నాలుగు. యూనిఫారాల పని ఉంటే ఆరు.

ప్రశ్న 2. ఎంతకాలంగా? – రెండేళ్ల పైనే.

ప్రశ్న 3. భోజనానికి ముందా, తరవాతా? – పొద్దున్న టీతో. మధ్యాహ్నం భోజనం కుదిరితే తరవాత, కుదరకపోతే టీతోనే.

ప్రశ్న 4. కడుపులో నొప్పి, మంట ఉన్నాయా? – ఉన్నాయి. సోడాతో సర్దుకుంటాయి. ఈ మధ్య సోడాకి కూడా సర్దుకోవడం లేదు.

ప్రశ్న 5. విరేచనం ఏ రంగులో ఉంటోంది? – ఇదేం ప్రశ్నమ్మా! ఆడకూతురు అడిగేదేనా? సరే, మార్కుల కోసం రాస్తున్నాను. ఇరవై రోజులుగా నల్లగా, తారులా ఉంటోంది. కారణం నాకు తెలుసు. దారం పళ్లతో తెంపుతాను కదా, నల్ల ప్యాంట్లకి నల్లదారం. ఆ రంగు కడుపులోకి పోతోంది. ఇది కూడా మేడమ్‌కి చెప్పు, బట్టల రంగులు కూడా రసాయనాలే కాబట్టి ఇంకో మార్కు వేస్తుందేమో.

ప్రశ్న 6. ఈ సంగతి ఇంట్లో ఎవరికైనా తెలుసా? – ఇంట్లో నేను ఒక్కణ్ణేగా. ఎవరికీ తెలియనక్కర్లేదు.

మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, దాని గురించి ప్రశ్న లేదు, ఉంటే అదీ రాసేవాణ్ణి. ఎన్ని మార్కులొచ్చాయో రాయి.

మామయ్య


హాస్టల్,
ఫిబ్రవరి 20

మామయ్యా,

ఆ కాగితం మేడమ్ ఇవ్వలేదు. ప్రశ్నలు నేనే రాశాను. నిన్ను మోసం చేశాను. అడిగితే నువ్వు చెప్పవు, మార్కులంటే చెబుతావని నాకు తెలుసు.

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. అయిదో ప్రశ్నకి నీ జవాబు మళ్లీ మళ్లీ చదివాను. అది దారం రంగు కాదు మామయ్యా. రక్తం. కడుపులో కారిన రక్తం కిందికి వచ్చేసరికి అలా నల్లగా మారుతుందని మేడమ్ ఆ పాఠంలోనే చెప్పింది. నీ కడుపులో ఇరవై రోజులుగా నెత్తురు కారుతుంటే, నువ్వు టీ తాగి ప్యాంట్లు కుడుతున్నావు.

కాగితం పట్టుకుని స్టాఫ్ రూములోకి పరిగెత్తాను. మేడమ్ చదివి కుర్చీలోంచి లేచి నిలబడింది. నేరుగా వార్డెన్ దగ్గరికి తీసుకెళ్లింది. నీకు ఏడుసార్లు ఫోన్ చేశాం, తియ్యలేదు. అప్పుడు మందుల షాపు బాబాయ్‌కి చేశాం. బాబాయ్ అంతా విని, "అమ్మా, నా చేతులతోనే ఇచ్చానమ్మా" అన్నాడు. నిన్ను ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాడు. వెళ్లు మామయ్యా. కాళ్లు పట్టుకుంటాను.

సోడా కూడా తాగకు. ఎక్కువైతే కడుపు ఇంకా ఎక్కువ ఆమ్లం పుట్టిస్తుందని పాఠంలోనే ఉంది.

బొత్తాం


షాపులోంచి,
ఫిబ్రవరి 21

ఏమ్మా పెద్దమనిషీ,

నీ ఉత్తరం ఇంకా రాలేదు గాని నీ ఘనకార్యం మాత్రం వచ్చింది. మందులవాడు పట్టపగలు షాపులో జనం ఉండగా వచ్చి, "నీకు నెత్తురు పోతోందట, పద" అని నా చెయ్యి పట్టి లాగాడు. కొలతలు ఇస్తున్న ఒకాయన ప్యాంటు చేతిలో పట్టుకుని అలాగే పారిపోయాడు. తల కొట్టేసినట్టయింది నాకు. పాతికేళ్లుగా ఒక్కరోజు షాపు మూసి ఎరగను, రోగిష్టి టైలర్ అని పేరు పడితే ఎవడు బట్ట ఇస్తాడు?

నీకు మార్కులు రావాలని అన్నీ కాస్త ఎక్కువ చేసి రాశాను. అంతే. రెండుంటే నాలుగన్నాను. దాన్ని పట్టుకుని ఊరంతా టముకు వేస్తావా? ఆసుపత్రికి వెళ్లేది లేదని చెప్పి పంపేశాను. వాడు ఇక మాత్రలు ఇవ్వనన్నాడు. ఇవ్వకపోతే పోనీ, పక్క వీధిలో ఇంకో షాపుంది.

మార్చి ఒకటి దాటాక చూద్దాం. నువ్వు చదువుకో.

మామయ్య


హాస్టల్,
ఫిబ్రవరి 25

మామయ్యా,

నువ్వు ఎక్కువ చేసి రాశావా? సరే. షీట్లు మళ్లీ బయటికి తీశాను. గుంటల్లో నీలం పొడి ఏమిటో ఇప్పుడు తెలిసింది. నా లంగా అంచు మీద నువ్వు గీసిన గీత ఇంకా పూర్తిగా పోలేదు, పక్కన పెట్టి చూశాను. నీ సుద్ద. బట్ట మీద గీతలు గీస్తూ, అదే చేత్తో మాత్ర నొక్కి తీసి నోట్లో వేసుకున్నావు. ముప్పై ఎనిమిది షీట్లలోనూ ఉంది, ఒక్కటి కూడా వదలకుండా. కస్టమర్లు నీ సుద్ద పూసుకుని మాత్రలు మింగుతున్నారా?

కోపం వస్తోంది. నిన్ను ఇంత అబద్ధాలకోరు అని ఎప్పుడూ అనుకోలేదు. అమ్మ పోయినప్పుడు నాకు అయిదేళ్లు. వానలో తడిసి వచ్చి నన్ను ఎత్తుకుని, "నేనున్నాగా" అన్నావు. ఉంటే ఉండు మరి!

నిన్న హాల్‌టికెట్లు ఇచ్చారు. నాది ఈ కవర్లో పెట్టాను. మళ్లీ చదువు, తప్పు చదవలేదు. అది లేకపోతే లోపలికి రానివ్వరు. ఆరో తారీకున మొదటి పరీక్ష. డాక్టరు చీటీతో పాటు నువ్వు పంపితే రాస్తాను. లేకపోతే రాయను. మేడమ్‌కి గాని, వార్డెన్‌కి గాని చెప్పలేదు, తెలిస్తే చంపేస్తారు.

నీకు మార్కులంటే ఎంత ప్రాణమో చూద్దాం.

బొత్తాం


ఆసుపత్రి, మగవాళ్ల వార్డు,
మార్చి 2

బొత్తాం,

హాల్‌టికెట్ దీనితో ఉంది. పోస్టులో వేస్తే భయమని మందులవాణ్ణి బస్సెక్కించి పంపుతున్నాను. తన షాపు మూసి వస్తున్నాడు, అన్నం పెట్టించు.

కవరు విప్పి, నీ ఫోటో ఉన్న ఆ కాగితం చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో ఉన్నది కింద పెట్టి బయల్దేరాను. నీ దగ్గరికి వచ్చి, హాల్‌టికెట్ చేతిలో పెట్టి, చెంప మీద ఒకటి ఇద్దామని. దారిలో ఆసుపత్రి కనిపించింది. చీటీ లేనిదే నువ్వు వినవు, అయిదు నిమిషాల్లో ఏదో ఒక చీటీ రాయించుకుని పోదామని లోపలికి వెళ్లాను.

డాక్టరమ్మ నా కింది కన్నురెప్ప లాగి చూసి, బల్ల మీంచి దిగనివ్వలేదు. బస్సుకి టైమవుతోందన్నాను. "మీలో రక్తం సగం కూడా లేదు, ఏ బస్సు?" అంది. గొట్టం వేసి చూస్తే కడుపులో రెండు పుళ్లు, ఒకటి కారుతోంది. ఇంకో వారం అయితే చిల్లు పడేదట, పడితే ఇక్కడిదాకా కూడా తేలేకపోయేవారట. ఆ మాట ఆవిడ చాలా మామూలుగా చెప్పింది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఎవరిదో తెలీదు. మందులవాడు ఒక సీసా ఇచ్చి వచ్చాడని తరవాత తెలిసింది.

"దారం రంగు అనుకున్నాను" అన్నాను ఆవిడతో. ఆవిడ నవ్వలేదు.

నేను అబద్ధాలకోరునే. భయపడ్డాను బొత్తాం. డాక్టరు మిషన్ తొక్కొద్దంటే నేనేం చెయ్యను? నాకు ఇంకేం వచ్చు? మాత్ర వేసుకుంటే చెయ్యి కదిలేది, అందుకే వేసుకున్నాను. ప్యాంట్లు ఇంకా ఇరవై రెండు మిగిలిపోయాయి. స్కూలు హెడ్ మాష్టారు వచ్చి చూసి, మెల్లగా ఇవ్వండి అన్నాడు. ఈ మాట ముందే అడిగి ఉంటే అప్పుడే అనేవాడేమో.

చీటీ కూడా పెట్టాను. అసలుదే. వెళ్లి పరీక్ష రాయి.

మామయ్య


హాస్టల్,
మార్చి 14

మామయ్యా,

ఇవాళ కెమిస్ట్రీ అయింది. బాబాయ్ ఆ రోజు అన్నం తినకుండా ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, వార్డెన్ ఇద్దర్నీ తిట్టి ఇద్దరికీ పెట్టింది. హాల్‌టికెట్ సంగతి తెలిసి మేడమ్ నన్ను ఒక్కటి వేసింది. నీ బదులు ఆవిడ వేసిందనుకో.

ఈరోజు పేపర్లో పంతొమ్మిదో ప్రశ్న ఏమిటో తెలుసా? ‘నొప్పి మాత్రలను, ఆమ్లవిరోధులను వైద్యుని సలహా లేకుండా దీర్ఘకాలం వాడరాదు. ఎందుకు?’ రెండు మార్కులు. రెండంటే రెండు వాక్యాలు చాలు. నేను రాస్తూనే ఉన్నాను. కడుపు పొర, నెత్తురు, నలుపు, సోడా, చివరికి నల్లదారం కూడా రాసేశాను. తలెత్తి చూస్తే పేజీన్నర అయింది, ఇరవై నిమిషాలు పోయాయి. చివర్లో అయిదు మార్కుల ప్రశ్న ఒకటి వదిలేయాల్సి వచ్చింది. ఏం చెయ్యను, చెయ్యి ఆగలేదు.

నువ్వు ఎలా ఉన్నావు? ఈసారి నిజంగా అడుగుతున్నాను, మార్కుల్లేవు.

బొత్తాం


ఇంటినుంచి,
మార్చి 18

బొత్తాం,

నిన్న ఇంటికి వచ్చాను. షాపులో పిల్లిపిల్లలు కళ్లు తెరిచి, తయారైన ప్యాంట్ల మీద తిరుగుతున్నాయి. తల్లి నన్ను చూసి ఈసారి గుర్రుమనలేదు. నేనే వాటి షాపుకి వచ్చినట్టుంది.

అయిదు మార్కులు పోతే పోయాయి. నీ కాగితం నకలు నా దగ్గర లేదు గాని ప్రశ్నలు నాకు కంఠతా వచ్చేశాయి. మళ్లీ రాశాను, దిద్ది పంపు.

ప్రశ్న 1. రోజుకి ఎన్ని? – సున్నా.

ప్రశ్న 2. ఎంతకాలంగా? – పద్దెనిమిది రోజులుగా.

ప్రశ్న 3. భోజనానికి ముందా, తరవాతా? – భోజనమే. వేళకి. మందులవాడు క్యారియర్ తెచ్చి ఎదురుగా కూర్చుంటున్నాడు.

ప్రశ్న 4. నొప్పి? – కడుపులో తగ్గింది. మెడలో ఉంది, చెయ్యి లాగుతోంది. ఒక గంట కుట్టి ఒక గంట ఆగమన్నారు. ఆగుతున్నాను. ఆగడం కుట్టడం కంటే కష్టంగా ఉంది.

ప్రశ్న 5. – మామూలు రంగు. ఇక అడగకు.

సొరుగు ఖాళీ. పదును పెట్టడానికి ఒక్క షీటు లేక కత్తెర పూర్తిగా మొండిబారిపోయింది, పొద్దున్న సానవాడికి ఇచ్చి వచ్చాను.

ప్రశ్న 6. ఈ సంగతి ఇంట్లో ఎవరికైనా తెలుసా? – తెలుసు. మా బొత్తాంకి తెలుసు.

మామయ్య